గట్టిరాతి నేలలో బోరుకు చోటు వెతకడం: తవ్వకుండా నేల లోపలిని కొలిచే పద్ధతులు

తెలంగాణలోనూ రాయలసీమలోనూ అధిక భాగం పొలాల కింద ఉన్నది గ్రానైటు, నైస్ జాతి గట్టిరాయి. ఇసుకరాతిలో లాగా దీని రేణువుల మధ్య నీరు నిలిచే ఖాళీలు ఉండవు. నీరు ఉండగలిగిన చోట్లు రెండే. లక్షల ఏళ్ళుగా చివికి గరుసుగా, మొరంగా మారిన పై పొర ఒకటి. దాని అడుగున, గట్టిదనం పోకపోయినా పగుళ్ళు విచ్చుకున్న రాతిపొర రెండవది. ఈ రెండూ ఎక్కడ మందంగా ఉన్నాయో, ఆ పగుళ్ళు ఎక్కడ ఒకదానితో ఒకటి కలుస్తున్నాయో తెలిస్తే బోరుకు చోటు దొరికినట్టే. అది తెలుసుకోకుండా వేసిన బోరు, పక్క చేనులో రెండించుల నీళ్ళు పోస్తున్నా, మన చేనులో తెల్లటి దుమ్ము తప్ప మరేమీ తీయకపోవచ్చు. ఒక్క బోరు ఎండిపోవడం వల్లనే అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఊరికి కొన్ని ఉంటాయి కనుక, బోరు బండి పొలంలోకి రాకముందు చేయగలిగిన పనిని శ్రద్ధగా చేయడం చాలా అవసరం.

ఆ పనికి భూభౌతిక సర్వే అని పేరు. దీని గురించి మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఏమిటంటే, మన దగ్గర వాడుకలో ఉన్న ఏ పరికరమూ నీటిని చూడదు. విద్యుత్తుకు రాయి ఎంత అడ్డుపడుతోంది, అందులో అయస్కాంత గుణం ఎంత, కంపనం అందులో ఎంత వేగంగా సాగుతోంది అన్నవాటినే అది కొలుస్తుంది. ఆ కొలతను బట్టి నీరు ఉండే అవకాశాన్ని అంచనా కట్టేది మనిషి. కాబట్టి మీటరు వంక చూసి “నూట ఎనభై అడుగుల దగ్గర నీళ్ళు తగులుతాయి, మూడించులు పడతాయి” అని చెప్పేవారిని నమ్మనక్కర లేదు. “ఇక్కడ చివికిన పొర ఇంత మందం ఉంది, దాని కింద ఇంత లోతు దాకా పగుళ్ళకు అవకాశం ఉంది, ఆ తూర్పు మూల మాత్రం వద్దు” అని చెప్పేవారి మాటకే విలువ ఇవ్వాలి. నా దృష్టిలో సర్వే చేసే పెద్ద మేలు నీరున్న చోటును వేలుపెట్టి చూపడం కాదు, నీరు ఉండే అవకాశం లేని చోట్లను ముందే తీసివేయడం.

మీటరు తీయకముందు

సర్వేలో సగం పని నడకతోనూ మాటలతోనూ జరుగుతుంది. చుట్టూ అర కిలోమీటరు, వీలైతే కిలోమీటరు దూరంలో ఉన్న ప్రతి బోరు దగ్గరికీ వెళ్ళి నాలుగు విషయాలు రాసుకోవాలి: మొత్తం లోతు ఎంత, కేసింగ్ పైపు ఎంత లోతు దించారు, నీళ్ళు మొదట ఏ లోతులో తగిలాయి, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తోంది. వీటిలో కేసింగ్ లోతును చాలామంది పట్టించుకోరు గాని, సర్వే చేసేవారికి దానికి మించిన ఆధారం లేదు. మెత్తటి పొర కూలకుండా ఆపడానికే కేసింగ్ దించుతారు, గట్టిరాయి తగలగానే ఆపుతారు. పక్క బోరుకు అరవై అడుగుల కేసింగ్ పడిందంటే అక్కడ చివికిన పొర సుమారు 18 మీటర్లు ఉన్నట్టే. పైసా ఖర్చు లేకుండా దొరికే ఈ కొలతతో మన మీటరు చెప్పే లెక్కను తర్వాత సరిచూసుకోవచ్చు. పారుతున్న బోర్లతో పాటు ఎండిన బోర్ల వివరాలు కూడా అంతే ఓపికగా అడగాలి. ఓడిపోయిన బోరు గురించి చెప్పడానికి రైతు వెనకాడతాడు, కాని అది చెప్పే సమాచారం మరో కుటుంబాన్ని నష్టం నుంచి కాపాడుతుంది.

తర్వాత పటాలు. ఇస్రోకు చెందిన జాతీయ దూరసంవేదన కేంద్రం నడిపే భువన్ పోర్టల్‌లో ఉపగ్రహ చిత్రాలను ఉచితంగా చూడవచ్చు. ఆ చిత్రంలో వాగులు ఉన్నట్టుండి తిన్నగా సాగిన చోట్లు, ఒకే వరుసలో పెరిగిన పచ్చదనం, గుట్టల మధ్య గీత గీసినట్టున్న సందులు కనబడితే అవి నేల లోపలి పగులు రేఖలు కావచ్చు. వాటిని పటం మీద గుర్తు పెట్టుకుని, పొలంలో ఏ దిక్కుగా పోతున్నాయో దిక్సూచితో సరిచూడాలి. చెరువు కింద ఉన్నామా, అలుగు పారే దారిలో ఉన్నామా, గుట్ట వాలులో ఉన్నామా అన్నది కూడా రాసుకోవాలి. నీరు ఇంకడానికి పైన తావు లేని చోట కింద పగులు ఎంత పెద్దదైనా ఒకటి రెండు ఏళ్ళలో ఖాళీ అవుతుంది.

ఎంత లోతు వరకు వెతకాలన్నది కూడా ముందే తేల్చుకోవాలి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఫ్రాన్సు భూవిజ్ఞాన సంస్థ బీఆర్‌జీఎం కలిసి రంగారెడ్డి జిల్లా మహేశ్వరం దగ్గర సుమారు 53 చదరపు కిలోమీటర్ల నీటిపరీవాహక ప్రాంతాన్ని ఏళ్ళ తరబడి అధ్యయనం చేశాయి. చివికిన పొర అడుగున ఉండే పగుళ్ళ పొరలోనే నీరు ఎక్కువగా కదులుతుందని, లోతుకు పోయేకొద్దీ నీటిని మోసే పగుళ్ళు వేగంగా తగ్గిపోతాయని అక్కడ తేలింది. వెయ్యి అడుగులు దించితే ఎక్కడో ఒక చోట నీళ్ళు పడతాయన్న ఆశకు గ్రానైటు నేలలో పునాది తక్కువ. లోతైన పగుళ్ళు ఉండవని కాదు, వాటిని నమ్ముకుని డబ్బు పెట్టడం తగదని. అందువల్ల మన సర్వే మొదటి 60 మీటర్లను, అంటే సుమారు 200 అడుగులను బాగా చదవగలిగితే చాలావరకు పని జరిగినట్టే.

విద్యుత్ నిరోధం కొలవడం

మన నేలల్లో అన్నిటికన్నా నమ్మదగిన సాధనం విద్యుత్ నిరోధ పద్ధతి. ఫ్రాన్సులో కాన్రాడ్ ష్లంబర్జర్ 1912లో మొదలుపెట్టిన ప్రయోగాల నుంచి ఇది ఎదిగింది. ఒకే సరళరేఖ మీద నాలుగు గూటాలు నాటుతారు. బయటి రెండు, ఏ, బి అనేవి, నేలలోకి విద్యుత్తును పంపుతాయి. మధ్యనున్న రెండు, ఎం, ఎన్ అనేవి, అక్కడ ఏర్పడిన వోల్టేజీని కొలుస్తాయి. బయటి గూటాలను దూరం జరిపేకొద్దీ విద్యుత్తు లోతుకు దిగుతుంది, కాబట్టి అదే మధ్యబిందువు కింద పొరలు ఎలా మారుతున్నాయో క్రమంగా తెలుస్తుంది.

పొలంలో దీన్ని చేసే తీరు ఇది. బోరు వేయాలనుకున్న చోట మధ్యబిందువును గుర్తించి, దానికి రెండు వైపులా టేపు పరచాలి. రేఖ వీలైనంత వరకు ఒకే ఎత్తులో ఉండాలి, వాలుకు అడ్డంగా సాగాలి. విద్యుత్ స్తంభాల వరుసకూ ఇనుప కంచెకూ నేలలో పాతిన పైపులైనుకూ సమాంతరంగా రేఖ వేయరాదు, వేస్తే నేలకు బదులు ఇనుమునే కొలుస్తాం. మధ్య నుంచి బయటి గూటానికి ఉన్న దూరాన్ని, అంటే ఏబిలో సగాన్ని, 2, 3, 4, 6, 8, 10, 15, 20, 30, 40, 50, 60, 80, 100 మీటర్లుగా పెంచుతూ పోవాలి. మధ్య గూటాల ఎడం ఎప్పుడూ ఏబి మొత్తం పొడవులో అయిదో వంతుకు మించకూడదు. మొదట అర మీటరు ఎడం చాలు. 10 మీటర్ల దగ్గర నాలుగు మీటర్లకు, 30 మీటర్ల దగ్గర పది మీటర్లకు పెంచాలి. ఇలా ఎడం మార్చిన ప్రతిసారీ పాత ఎడంతోనూ కొత్త ఎడంతోనూ కనీసం రెండు కొలతలు తీసుకోవాలి. అలా తీయకపోతే తర్వాత గీతలో కనిపించే మెట్టు రాతి వల్ల వచ్చిందో, ఎడం మార్చడం వల్ల వచ్చిందో చెప్పలేం.

గూటం నేలకు బాగా అంటుకోవాలి. ఎండాకాలంలో ఎర్రనేల పైపొర పూర్తిగా ఎండి ఉంటుంది కనుక ప్రతి గూటం చుట్టూ చెంబెడు ఉప్పునీళ్ళు పోసి, మట్టిని కాలితో అదిమి, అప్పుడు కొలవాలి. ప్రతి దూరం దగ్గర విద్యుత్తు దిశను మార్చి మళ్ళీ కొలిచి సగటు తీయాలి, నేలలో సహజంగా ఉండే వోల్టేజీ ఆ విధంగా కొట్టుకుపోతుంది. రెండు కొలతల మధ్య తేడా రెండు మూడు శాతం దాటితే తీగ ఎక్కడో తెగిందనో, తడి నేల మీద తీగ తొడుగు చిరిగిందనో అనుమానించాలి. ఈ పరికరం వందల వోల్టులను నేలలోకి పంపుతుంది. కాబట్టి చివరి గూటాల దగ్గర నిలబడినవారు “ఆన్” అనే కేక వినగానే చేయి తీసేయాలి, పశువులనూ పిల్లలనూ దగ్గరికి రానీయకూడదు, ఉరుము వినిపిస్తే పని ఆపేయాలి.

లెక్క కష్టమైనదేమీ కాదు. ఏబిలో సగం వర్గం నుంచి ఎంఎన్‌లో సగం వర్గాన్ని తీసివేసి, వచ్చినదాన్ని 3.14తో హెచ్చించి, ఎంఎన్ పొడవుతో భాగించాలి. దాన్ని వోల్టేజీ, కరెంటుల నిష్పత్తితో హెచ్చిస్తే ఆ దూరానికి అగుపడే విశిష్ట నిరోధం (ఇకపై క్లుప్తంగా నిరోధం) ఓమ్-మీటర్లలో వస్తుంది. ఉదాహరణకు ఏబిలో సగం 40 మీటర్లు, ఎంఎన్ 10 మీటర్లు అనుకుందాం. 1600 నుంచి 25 తీసివేస్తే 1575. దాన్ని 3.14తో హెచ్చించి పదితో భాగిస్తే సుమారు 495. మీటరు 24 మిల్లీవోల్టులు, 120 మిల్లీయాంపియర్లు చూపితే నిష్పత్తి 0.2. రెండింటినీ హెచ్చిస్తే 99 ఓమ్-మీటర్లు. ప్రతి కొలతకూ ఈ లెక్కను పొలంలోనే చేసి, అక్కడికక్కడే గ్రాఫులో చుక్క పెట్టాలి. ఇంటికి వెళ్ళి లెక్కిద్దాం అనుకుంటే తప్పు కొలతను సరిదిద్దుకునే అవకాశం పోతుంది.

లోతు విషయంలో మన దగ్గర పాతుకుపోయిన ఒక పొరపాటును ఇక్కడ గట్టిగా చెప్పాలి. ఏబిలో సగం ఎంతో లోతు అంతే అని చాలామంది చెబుతారు. అది నిజం కాదు. ఈ అమరికలో కొలత ప్రధానంగా తెలిపేది ఏబి మొత్తం పొడవులో సుమారు అయిదో వంతు లోతు గురించి. రెండు వైపులా వంద మీటర్లు పోతే మనం చదువుతున్నది సుమారు 40 మీటర్ల లోతునే. 60 మీటర్లు చదవాలంటే ఏబి సుమారు 300 మీటర్లు ఉండాలి. రెండెకరాల పొలంలో నిలబడి, యాభై మీటర్ల తీగతో మూడు వందల అడుగుల లోతు సంగతి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు.

గీతను చదవడం

చుక్కలను రెండు అక్షాలూ లాగరిథం కొలతలో ఉన్న కాగితం మీద పెట్టి గీత కలపాలి. మన గ్రానైటు నేలల్లో గీత తరచుగా గిన్నె ఆకారంలో ఉంటుంది. పైన ఎండిన ఎర్రమట్టి వల్ల మొదట ఎక్కువ, తడిసిన గరుసు వల్ల మధ్యలో తక్కువ, గట్టిరాయి వల్ల చివర మళ్ళీ ఎక్కువ. తడిసిన గరుసు సాధారణంగా 20 నుంచి 100 ఓమ్-మీటర్ల మధ్య, పగుళ్ళు విచ్చి తడిసిన రాయి సుమారు 100 నుంచి 300 మధ్య ఉంటుంది. పగుళ్ళు లేని గ్రానైటు వెయ్యి దాటి అనేక వేలకు పోతుంది. బంకమట్టి 20 లోపు ఉంటుంది. ఈ చివరి అంకె చాలా ముఖ్యం. నిరోధం ఎంత తగ్గితే అన్ని నీళ్ళు అని సూత్రం పెట్టుకున్నవారిని బంకమట్టి మోసం చేస్తుంది. బంకమట్టిలో తడి ఉంటుంది, కాని ఆ తడిని అది బోరులోకి వదలదు. 12 ఓమ్-మీటర్లు చూపిన చోటు కన్నా 45 చూపిన చోటు చాలాసార్లు మేలైనది.

గీత చివర గట్టిరాతి వల్ల పైకి లేచే భాగం నలభై అయిదు డిగ్రీల వాలును మించి లేవకూడదు. మించితే పొరలు అడ్డంగా పరచుకుని లేవని, లేదా కొలతలో తప్పు దొర్లిందని అర్థం. సరిగ్గా నలభై అయిదు డిగ్రీలకు చేరితే ఒక చక్కని లెక్క వీలవుతుంది. ఆ వాలు మీది ఏ చుక్క దగ్గరైనా ఏబిలో సగాన్ని అక్కడి నిరోధంతో భాగిస్తే, గట్టిరాతి పైనున్న పొరలన్నిటి మొత్తం వాహకత వస్తుంది. వంద మీటర్ల దగ్గర నిరోధం 250 అయితే ఆ విలువ 0.4. చివికిన పొర నిరోధం 50 ఓమ్-మీటర్లు అని మనకు తెలిస్తే, 0.4ను 50తో హెచ్చించగా దాని మందం సుమారు 20 మీటర్లు. అదే పొర నిరోధం 40 అనుకుంటే మందం 16 అవుతుంది, 60 అనుకుంటే 24 అవుతుంది. గీత మాత్రం మూడింటికీ దాదాపు ఒకేలా కనిపిస్తుంది. కంప్యూటరులో సాఫ్ట్‌వేరు ఇచ్చే సమాధానానికి కూడా ఈ పరిమితి తప్పదు. అందుకే పక్క బోరు కేసింగ్ లోతు అంత విలువైనది. నీళ్ళున్న ఒక బోరు దగ్గర, ఎండిన ఒక బోరు దగ్గర ముందుగా ఇదే కొలత తీసి, ఆ ఊళ్ళో తడి గరుసు ఎంత చూపుతుందో, గట్టిరాయి ఎంత చూపుతుందో తెలుసుకున్నాకే కొత్త పొలానికి వెళ్ళాలి. ఈ ఒక్క నియమం పాటించే సర్వేకూ పాటించని సర్వేకూ మధ్య తేడా చాలా ఉంటుంది.

లేచే వాలు మీద అక్కడక్కడ కనిపించే చిన్న గంట్లను చూసి “ఇదిగో పగులు, ఇంత లోతులో” అని చెప్పే అలవాటు ఒకటుంది. అరవై మీటర్ల లోతున ఉన్న అర మీటరు పగులును పైనుంచి తీసే ఈ కొలత విడిగా చూపలేదు. ఆ గంటు కొలత మళ్ళీ తీసినా నిలిచి ఉండి, దానికి లంబంగా వేసిన రెండవ రేఖలో కూడా కనిపిస్తే ఒక సూచనగా మాత్రం రాసుకోవచ్చు. లంబంగా రెండవ రేఖ వేయడం మరో విధంగానూ ఉపయోగం. రెండు రేఖల గీతలు బాగా వేరుగా వస్తే పగుళ్ళు ఒక దిక్కుగా సాగుతున్నాయని సందేహించాలి.

నేల లోపలి అడ్డుకోత

ఒక బిందువు కింద మాత్రమే చూసే పై పద్ధతికి విస్తరణే విద్యుత్ నిరోధ టోమోగ్రఫీ. 48 గూటాలను అయిదేసి మీటర్ల ఎడంతో ఒకేసారి నాటితే రేఖ 235 మీటర్లు ఉంటుంది. పరికరమే నాలుగేసి గూటాలను మారుస్తూ వందల కొలతలు తీసుకుంటుంది. వాటిని కంప్యూటరులో సాధిస్తే రేఖ కింద సుమారు 40 మీటర్ల లోతు వరకు అడ్డుకోత చిత్రం వస్తుంది. చివికిన పొర ఎక్కడ లోయలా దిగిందో, గట్టిరాయి ఎక్కడ పైకి పొడుచుకొచ్చిందో ఇందులో స్పష్టంగా తెలుస్తుంది. ఇది దొరికే అవకాశం ఉన్నవారు బిందువు కొలతలతో ఆగకూడదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే గ్రానైటు నేలలో ఇరవై మీటర్లు పక్కకు జరిగితే కథ మారిపోతుంది.

చిత్రం చూసేటప్పుడు కొన్ని జాగ్రత్తలున్నాయి. రేఖ అంచుల్లో లోతు తక్కువగా చదవబడుతుంది, కాబట్టి అనుమానం ఉన్న చోటును రేఖ మధ్యకు తెచ్చుకోవాలి. అడ్డంగా పరచుకున్న పొరలకు నాలుగు గూటాలూ సమాన ఎడంలో ఉండే వెన్నర్ అమరిక, నిలువు పగుళ్ళకు విద్యుత్తు పంపే జత, కొలిచే జత వేరువేరుగా ఉండే డైపోల్-డైపోల్ అమరిక బాగా పనిచేస్తాయి. రేఖను పగులు దిక్కుకు అడ్డంగా వేయాలి. రంగుల కొలమానం అన్ని రేఖలకూ ఒకటే ఉండేలా చూడాలి, లేకపోతే ఒక చిత్రంలోని నీలం మరో చిత్రంలోని ఆకుపచ్చతో సమానమై రైతును తప్పుదారి పట్టిస్తుంది. నీలం రంగు నీళ్ళ రంగు కాదని, తక్కువ నిరోధానికి పెట్టిన గుర్తని పొలం యజమానికి విడమరచి చెప్పడం సర్వే చేసేవారి బాధ్యత.

ఈమధ్య ఊళ్ళలో, గూటాలతో విద్యుత్తు పంపనవసరం లేకుండా నేలలోని సహజ విద్యుత్ క్షేత్రాన్ని కొలిచి ఫోనులో రంగుల చిత్రం చూపే చిన్న పెట్టెలు తిరుగుతున్నాయి. వాటిలో కనిపించే లోతు అంకెలు పౌనఃపున్యాన్ని బట్టి ఊహించి వేసినవే తప్ప కొలిచినవి కావు. తేడా ఉన్న చోటును త్వరగా పసిగట్టడానికి వాడితే వాడవచ్చు, బోరు లోతును వాటిని బట్టి నిర్ణయించరాదు.

పగులు రేఖకూ డైకుకూ వేరే సాధనాలు

పెద్ద విస్తీర్ణంలో పగులు రేఖను త్వరగా పట్టుకోవడానికి వీఎల్ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య) పద్ధతి బాగుంటుంది. జలాంతర్గాములతో మాట్లాడటానికి నౌకాదళాలు పంపే 15 నుంచి 30 కిలోహెర్ట్జ్ రేడియో తరంగాలను ఇది వాడుకుంటుంది. తమిళనాడులో తిరునెల్వేలి దగ్గర విజయనారాయణంలోని నౌకాదళ కేంద్రం 18.2 కిలోహెర్ట్జ్‌లో ప్రసారం చేస్తుంది. ప్రసార కేంద్రం ఏ దిక్కున ఉందో ఆ దిక్కుగా సాగే పగుళ్ళే బాగా పలుకుతాయి. కాబట్టి దక్షిణాన ఉన్న ఈ కేంద్రం మనకు ఉత్తర-దక్షిణ పగుళ్ళను వెతకడానికి అనువైనది. అలాంటి పగుళ్ళకు అడ్డంగా, అంటే తూర్పు పడమరలుగా, పది మీటర్లకొక కొలత తీస్తూ నడవాలి. పగులు మీదికి రాగానే కొలత ధనం నుంచి ఋణానికి, లేదా ఋణం నుంచి ధనానికి దాటుతుంది. ఆ దాటిన చోట మేకు పాతి, తర్వాత అక్కడ విద్యుత్ నిరోధం కొలవాలి. నేల నిరోధం 500 ఓమ్-మీటర్లయితే ఈ తరంగం సుమారు 80 మీటర్ల దాకా దిగుతుంది, 20 అయితే సుమారు 17 మీటర్లే. నల్లరేగడి మందంగా పరచుకున్న చోట ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవద్దని ఆ లెక్కే చెబుతోంది. కరెంటు తీగలు ఉన్న చోట దొంగ సంకేతాలు వస్తాయి, వాటి స్థానాలను పుస్తకంలో రాసుకుంటూ నడవాలి.

అయస్కాంత సర్వే ముఖ్యంగా డోలరైట్ డైకుల కోసం. డైకులంటే గ్రానైటును చీల్చుకుని నిలువు గోడలా లేచిన నల్లరాతి పట్టీలు. ఇవి తెలంగాణలోనూ అనంతపురం వైపునా చాలా ఉన్నాయి. కొన్ని పైకి గుండ్ల వరుసలా కనిపిస్తాయి, కొన్ని మట్టి కింద దాగి ఉంటాయి. పగుళ్ళు లేని డైకు నేల లోపల కట్టలా పనిచేసి నీటిని ఎగువ వైపు ఆపుతుంది. అందువల్ల డైకుకు ఎగువన నీళ్ళు పుష్కలంగా ఉండి, దిగువన పది అడుగుల దూరంలో బోరు ఎండిపోవడం జరుగుతుంది. ప్రోటాన్ మాగ్నెటోమీటరుతో డైకుకు అడ్డంగా అయిదు లేదా పది మీటర్లకొక కొలత తీస్తే అది ఉన్న చోట విలువ ఒక్కసారిగా మారుతుంది. కొలిచేవారి జేబులో తాళంచెవులు, ఫోను, నడుముకు ఇనుప బకిలు ఉండకూడదు. భూమి అయస్కాంతత్వం పగటిపూట దానంతటదే మారుతూ ఉంటుంది కాబట్టి గంటకోసారి మొదలుపెట్టిన చోటికి వచ్చి మళ్ళీ కొలవాలి.

మిగతా పద్ధతులను క్లుప్తంగా చెబితే చాలు. సమ్మెటతో నేలను కొట్టి కంపనం చేరే సమయాన్ని కొలిచే భూకంపన వక్రీభవన పద్ధతి చివికిన పొర అడుగును బాగా చూపుతుంది. ఎండిన మట్టిలో కంపనం సెకనుకు సుమారు 300 నుంచి 600 మీటర్లు, గట్టి గ్రానైటులో 4,500 మీటర్లకు పైన సాగుతుంది. నేలను చదివే రాడారు బంకమట్టిలో త్వరగా గుడ్డిదైపోతుంది, బోరు పనికి అంతగా ఒదగదు. నీటిలోని హైడ్రోజన్ కేంద్రకాల స్పందనను నేరుగా వినగలిగే అయస్కాంత అనునాద పద్ధతి ఒక్కటే నిజంగా నీటిని పసిగడుతుంది, కాని పరికరం ఖరీదైనది, కరెంటు తీగల దగ్గర పనిచేయదు, సాధారణ రైతుకు అందుబాటులో లేదు.

నేల మారితే చదివే తీరు మారుతుంది

ఇంతవరకు చెప్పిన అంకెలు గ్రానైటు నేలలకు సంబంధించినవి. జహీరాబాదు, ఆదిలాబాదు వైపు బసాల్టు ఉంటుంది. అక్కడ గట్టి పొరలూ బుడగల రంధ్రాలున్న పొరలూ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుంటాయి, మధ్యలో వచ్చే ఎర్రబంక పొర తక్కువ నిరోధం చూపి నీటి పొరలా భ్రమ కలిగిస్తుంది. నంద్యాల, కోవెలకుంట్ల వైపు సున్నపురాయిలో బెలుం గుహల వంటి ఖాళీలు నేల లోపల ఎక్కడైనా ఉండవచ్చు. గాలితో ఉన్న ఖాళీ ఎక్కువ నిరోధాన్ని, నీటితోనో బంకతోనో నిండినది తక్కువ నిరోధాన్ని చూపుతుంది. తీరప్రాంతంలో ప్రశ్నే మారిపోతుంది. అక్కడ నీరు ఉందా అని కాదు, తీపినీరు ఎంత లోతు వరకు ఉంది అని వెతకాలి. బాపట్ల, చీరాల తీరపు ఇసుకలో ఫిల్టరు పాయింటు (తక్కువ లోతు గొట్టపు బావి) దించే ముందు కొలత తీస్తే తీపినీటి ఇసుక ఇరవై ఓమ్-మీటర్లకు పైన, ఉప్పునీటి ఇసుక అయిదుకు లోపల చూపుతుంది. గీత పడిపోవడం మొదలైన లోతుకు పైనే ఫిల్టరు ఆపాలి. గ్రానైటు నేలలో ఆనందపడే తక్కువ అంకె ఇక్కడ ప్రమాద సూచిక.

చోటు ఖాయం చేయడం, బోరు దిగేటప్పుడు చూడవలసినవి

రెండు వేర్వేరు పద్ధతులు ఒకే చోటును చూపినప్పుడే దాన్ని మొదటి పాయింటుగా రాయాలి. చివికిన పొర పక్క పొలాల కన్నా మందంగా ఉండి, గట్టిరాతి వైపు గీత నెమ్మదిగా లేస్తూ, పగులు రేఖ మీదో డైకుకు ఎగువనో ఉన్న చోటు మేలైనది. పొలంలో అలాంటి చోటు లేకపోతే లేదనే చెప్పాలి. సర్వే డబ్బు తీసుకున్నందుకు ఏదో ఒక పాయింటు పెట్టి వెళ్ళడం చేయరాని పని. ఉప్పుదనం సంగతి తప్పిస్తే, నీటి నాణ్యత గురించి ఈ పద్ధతులేవీ చెప్పలేవు. నల్లగొండ వంటి ఫ్లోరైడు ప్రాంతంలో తాగునీటి బోరు అయితే నీరు పడ్డాక పరీక్ష చేయించి, ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటలేదని తేలాకే వాడాలి. బోరుకు ముందు 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి తీసుకోవాలి. ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల వేయకూడదన్న నిబంధన ఉంది, దాన్ని గౌరవించడం పక్కవారి గొంతు తడిని కాపాడటమే.

బోరు బండి దిగాక సర్వే చేసినవారు అక్కడే ఉండటం మంచిది. పది అడుగులకొకసారి పైకి వచ్చే రాతిపొడిని గుప్పెడు తీసి, వరుసగా గోనెపట్టా మీద కుప్పలుగా పోసి, లోతు రాసిన చీటీ పెట్టాలి. పసుపు, గోధుమ రంగు గరుసు వస్తున్నంతవరకు చివికిన పొర. రంగు బూడిదకు మారి, అప్పుడప్పుడు తుప్పు మరకలున్న ముక్కలు వస్తుంటే పగుళ్ళ పొర, ఎందుకంటే నీరు కదిలిన పగులు గోడకే తుప్పు పడుతుంది. ఒకే రంగు తెల్లటి పొడి వంద అడుగులు ఎడతెగకుండా వచ్చి, తడి లేకుండా పోతే, మన గీత కూడా అక్కడ గట్టిరాయినే చూపి ఉంటే, ఇంకా దించమని ఎవరు బతిమాలినా ఆపేయాలి. నీళ్ళు తగిలినప్పుడు ఇంచుల మాట నమ్మకుండా, తెలిసిన కొలత ఉన్న డ్రమ్ము నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి రాసుకోవాలి.

చివరకు ఒక కాగితం మీద చోటు అక్షాంశ రేఖాంశాలు, కొలతల పట్టిక, గీత, కేసింగ్ లోతు, ఏ లోతులో ఏ రంగు పొడి వచ్చింది, నీరు ఎక్కడ తగిలింది, ఎంత పోసింది అన్నీ రాసి ఒక నకలు రైతుకు ఇవ్వాలి, ఒకటి సర్వే చేసినవారు ఉంచుకోవాలి. రైతు దాన్ని పట్టాదారు పాసుపుస్తకంతో పాటు దాచుకుంటే, మోటారును ఏ లోతులో దించాలో తేల్చుకోవడానికీ పక్క చేనువారు రేపు సర్వే చేయించుకున్నప్పుడు వారి గీతను సరిచూసుకోవడానికీ అదే కాగితం పనికొస్తుంది. బోరు ఎండినా కాగితం రాయడం మానకూడదు.